రంపం పళ్ళూ వడ్రంగి వేళ్ళూ

తెలుగులో భరించరాని బాధకు 'రంపపుకోత' అని పేరు. అప్పులవాడు పెట్టేది రంపపుకోత. ఆరళ్ళు పెట్టే అత్త చేతిలో కోడలు పడేదీ రంపపుకోతే. డిగ్రీ తరగతుల్లో జాతీయాల పాఠం చెప్పినప్పుడల్లా ఈ మాటను ఉదాహరణగా ఇస్తూ వచ్చాను. కోతకు గురి అయినవాడి బాధ అది అని వివరించాను. కోసేవాడికి కూడా ఒక బాధ వుంటుందన్న సంగతి నాకు తట్టలేదు.

తట్టించినవాడు ఫిలింనగర్‌లో పనిచేసే ఒక సెట్ వడ్రంగి. ఆయన కొడుకు మా కళాశాల విద్యార్థి. "మా నాన్న కట్టిన లోగిలి చూద్దురుగాని రండి సార్" అని ఒక ఆదివారం నన్ను జూబిలీహిల్స్‌లో ఒక స్టూడియోకు తీసుకుపోయాడు. ఫ్లోరులో జమీందారు లోగిలి ఒకటి నిలబడి వుంది. ముందువైపునుంచి చూస్తే నాలుగు తరాలు చూసిన టేకు స్తంభాలు, దూలాలు, నగిషీ గుమ్మాలు. వెనక్కు వెళ్ళి చూస్తే ప్లైవుడ్డు, రీపర్లు, మేకులు, ఊతంగా నిలిపిన సరుగుడు కర్రలు. పదిహేను రోజుల్లో లేచిన ఇల్లు అది. షూటింగు అయిన మర్నాడే విప్పేస్తారు.

ఫ్లోరు మూల ఒక బల్ల వుంది. చేత్తో పట్టి కోసే విద్యుత్ రంపాన్ని ప్లైవుడ్ పలక కింద తలకిందులుగా బిగించి, పలకలో చీలిక చేసి, చక్రాన్ని దానిలోంచి పైకి తీశారు. చక్రాన్ని కప్పి వుండవలసిన స్ప్రింగు డిప్పను వెనక్కు లాగి తీగతో కట్టేశారు. ఆ బల్లమీదనే ఆ లోగిలి అంతా కోశారు. పెద్దాయన ఎడమచేతి చూపుడువేలికీ నడిమివేలికీ కొసలు లేవు.

"ఈ వేళ్ళు ఎప్పుడు పోయినై బాబాయ్?" అని అడిగాను.

"చాలా యేళ్ళయింది, ఇంకోచోట. మిషను తప్పు కాదండి మేష్టారూ. తెల్లారి తొమ్మిదింటికి షాటు. రాత్రి మూడింటికి రీపరు చీలుస్తున్నా. తన్నింది."

'తన్నింది' అంటే ఏమిటో ఆయనే చూపించాడు. చక్రం ముందువైపు పళ్ళు చెక్కను కిందికి అదిమి కోస్తాయి. వెనకవైపు పళ్ళు కింది నుంచి పైకి లేస్తాయి. కోసిన చీలిక మధ్యలో బిగుసుకున్నా, చెక్క కాస్త వంకర తిరిగినా, ఆ వెనుక పళ్ళు దాన్ని పట్టి ఎత్తి, కోసేవాడి మీదికే విసురుతాయి. పట్టుకున్న చేయి చక్రం మీదికి పోతుంది. వడ్రంగులు ఎవరూ నేర్పకుండా తయారు చేసుకున్న మాట ఇది, చక్కటి మాట. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలతో వెలువడింది. ఆ దారిన స్టూడియో ఫ్లోర్లకు వెళ్ళి పదాలు ఏరే పని మన తెలుగుశాఖలు ఎందుకు చేపట్టకూడదో నాకు అర్థం కాదు.

మిషను తప్పు కాదని ఆయన అన్న మాట నన్ను వదలలేదు. మిషను తప్పు కాకపోతే తొందర తప్పు. ఆ తొందర ఎవరిది? రంపం నాలుగువందల యేళ్ళుగా మెరుగవుతూ వస్తున్నది. ప్రతి మెరుగూ ఎవరి అవసరం కోసం వచ్చింది? ఈ ప్రశ్నతో చదవడం మొదలుపెడితే, వడ్రంగుల వ్యవహారమనుకున్న రంపం చరిత్ర మన పత్రిక పాఠకులు పట్టించుకోవలసిన చరిత్రగా కనిపించింది.

మర రాకముందు దుంగను పలకలుగా చీల్చడానికి ఇద్దరు కావాలి. గోతిమీదనో, ఎత్తయిన ఊతాల మీదనో దుంగను పెట్టి పైన ఒకడు, కింద ఒకడు నిలబడి పొడుగుపాటి రంపాన్ని లాగుతారు. పైవాడు గీతను చూసి నడుపుతాడు. కిందివాడు తలెత్తి లాగుతాడు గనుక పొట్టు అంతా వాడి కళ్ళలోనే పడుతుంది. ఇంగ్లండులోనూ ఇంతే, గోదావరి ఒడ్డునా ఇంతే. హాలెండులో కోర్నెలిస్ కోర్నెలిస్‌జూన్ అనే అతను 1590ల్లో గాలిమరకు వంకరకడ్డీని తగిలించి, గుండ్రంగా తిరిగే ఇరుసు చేత రంపాన్ని కిందికీ మీదికీ ఆడించాడు. ఓడలు కట్టి సముద్రవ్యాపారానికి సిద్ధమవుతున్న డచ్చివారికి అప్పుడు పలకలు కొండలకొద్దీ కావాలి. ఆ పలకల ఓడలే తరువాత మన మచిలీపట్నానికీ పులికాటుకూ వచ్చాయి. రంపం చరిత్ర మనకు పరాయిది కాదనడానికి ఈ ఒక్క సంగతి చాలు.

లండను రంపంపనివాళ్ళు మాత్రం ఈ మరను రానివ్వలేదు. 1768 మేలో లైమ్‌హౌస్ పేటలో చార్లెస్ డింగ్లీ అనే వర్తకుడు కట్టిన గాలిమర కోతమిల్లును వందలమంది కోతపనివాళ్ళు వచ్చి పగలగొట్టారు. మరుసటి యేడే మిల్లులు ధ్వంసం చేయడాన్ని ఘోరనేరంగా పార్లమెంటు శాసించింది. కోతమరల మీద జనం ఇలా తిరగబడిన సంగతిని మార్క్సు 'కాపిటల్' మొదటి సంపుటం (1867) యంత్రాల అధ్యాయంలో ప్రస్తావించాడు. యంత్రం వేరు, యంత్రాన్ని పెట్టుబడి వాడుకునే తీరు వేరు. ఈ తేడాను కార్మికవర్గం అనుభవం మీదనే నేర్చుకోవలసి వచ్చిందని ఆయన అభిప్రాయం. మా పెద్దాయన ఆ పుస్తకం చదవలేదు. మిషను తప్పు కాదన్నప్పుడు సగం అదే చెప్పాడు.

చక్రరంపం సంగతికి వద్దాం. చట్రంలో ఆడే రంపానికి ఒక లోపం వుంది. అది వెళ్ళేటప్పుడు కోస్తుంది, తిరిగి వచ్చేటప్పుడు ఊరకే వస్తుంది. సగం కదలిక వృథా. పళ్ళను చక్రం అంచున పెడితే వృథా వుండదు. ఇంగ్లండులో సౌతాంప్టన్‌కు చెందిన శామ్యూల్ మిల్లర్ 1777లో పొందిన కోతమర పేటెంటులో ఈ గుండ్రని రంపం ప్రస్తావన వుంది. అమెరికాలో ఇంకో కథ చెప్పుకుంటారు. షేకర్ మతశాఖకు చెందిన తబితా బాబిట్ అనే స్త్రీ 1813 ప్రాంతంలో ఇద్దరు కోతపనివాళ్ళను చూసి, సగం శ్రమ వృథా అవుతున్నదని గ్రహించి, పళ్ళు కోసిన రేకుచక్రాన్ని తన రాట్నానికి తగిలించి చూసిందట. ఈ కథను చరిత్రకారులు నమ్మడం లేదు. నాకు మాత్రం నమ్మాలని వుంటుంది. శ్రమపడేవాళ్ళను చూసి, ఆ శ్రమ తగ్గించాలన్న ఆలోచనతో మొదలయ్యే కథ ఈ చరిత్ర అంతటిలోనూ ఇదొక్కటే. నమ్మాలని వున్నంత మాత్రాన కథ నిజం కాదు. దానికి ముప్పయ్యారేళ్ళ ముందే పేటెంటు వుంది.

నిజంగా జరిగినది ఇంత అందంగా లేదు. ఉపయోగితావాది జెరెమీ బెంథామ్‌ను మనవాళ్ళు రాజనీతి పాఠాల్లో చదువుతారు. నడుమ గోపురంలోని కాపలావాడికి ఖైదీలందరూ కనబడేలా కట్టే పనాప్టికాన్ చెరసాల పథకం ఆయనది. దాని మూలఊహ తమ్ముడు శామ్యూల్‌ది, రష్యాలో పొటెంకిన్ ఎస్టేటులో పనివాళ్ళ మీద కన్నేసి వుంచడానికి పుట్టినది. ఆ శామ్యూలే 1791లోనూ 1793లోనూ చిత్రిక పట్టే, కోసే, తొలిచే కొయ్యపని యంత్రాలకు పేటెంట్లు తీసుకున్నాడు. ఆ యంత్రాలు ఎవరికోసం? పనాప్టికాన్‌లో పెట్టబోయే ఖైదీలకోసం. పని రానివాడిచేత, పని చేయడం ఇష్టం లేనివాడిచేత, వడ్రంగిపని చేయించాలి. కాబట్టి వడ్రంగి చేతిలోని నేర్పు యంత్రంలోకి పోవాలి. కొయ్యపని యంత్రాల చరిత్రకు పునాదిలో చెరసాల వున్నదన్న సంగతి తెలిసిన రోజున నాకు చాలాసేపు వేరే పుస్తకం తెరవబుద్ధి కాలేదు.

చెరసాల కట్టలేదు. యంత్రాలు నౌకాదళానికి పోయాయి. ఓడ తెరచాపల తాళ్ళు ఆడే కొయ్య కప్పీలు యుద్ధకాలంలో లక్షకు పైగా కావలసివచ్చాయి. బెంథామ్ చొరవతో, మార్క్ బ్రూనెల్ ఊహించి హెన్రీ మాడ్‌స్లే తయారు చేసిన యంత్రాలు పోర్ట్స్‌మత్ ఓడల రేవులో 1802 తరువాత నెలకొన్నాయి. దుంగను ముక్కలు చేసే చక్రరంపాలు వాటిలో మొదటి మెట్టు. 1808 నాటికి యేడాదికి 1,30,000 కప్పీలు తయారయ్యాయి. 110 మంది నిపుణులు చేసే పనిని నేర్పు లేని పదిమంది చేశారని చరిత్ర పుస్తకాలన్నీ గర్వంగా చెబుతాయి. మిగిలిన వందమంది యేమయ్యారో ఆ పుస్తకాల్లో వెదికాను. వారి ఊసు కనపడలేదు.

ఆ తరువాత వంద యేళ్ళ మార్పులను త్వరగా దాటిపోవచ్చు. 1808లోనే పట్టీరంపానికి ఇంగ్లండులో పేటెంటు పుట్టినా, పట్టీని తెగకుండా అతికే నేర్పు కుదిరేవరకు అది పనికి రాలేదు. మన ఊళ్ళ కోతమిల్లుల్లో దుంగలు చీల్చేది ఆ పట్టీరంపమే. చక్రరంపం సన్నని పనికీ పలకల పనికీ మిగిలింది.

పలకల పనిలో అసలైన మెరుగు 1906లో బెర్లినులో వచ్చింది. విల్హెల్మ్ ఆల్టెన్‌డార్ఫ్ అనే వడ్రంగి, చక్రానికి పక్కనున్న బల్లభాగాన్ని పట్టాలమీద జారేలా చేశాడు. అంతకు ముందు వెడల్పు పలకను చేతులతో నెట్టుకుంటూ చక్రం మీదికి తీసుకుపోవలసి వచ్చేది. కోత వంకర పోతే మళ్ళీ చిత్రిక పట్టి సరిచేయాలి. ఇప్పుడు పలక కదలక బల్లమీద పడుకుంటుంది, బల్లే నిటారైన గీతమీద జారుతుంది. మూలమట్టానికి సరిపోయే అంచు ఒక్క కోతలో వస్తుంది. వాడుకలో 'పానెల్ సా' అంటున్నది దీన్నే. ఇందులో ఒక విశేషముంది. అతను ఆశించింది నిటారైన అంచు. కాని దానితోపాటు వడ్రంగి చేయి చక్రానికి దూరమయింది. సరుకు నాణ్యమూ మనిషి క్షేమమూ ఒకే మార్పులో కలిసిరావడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ప్రతి మెరుగూ పనివాడికి శత్రువే అని వాదించే మిత్రులు ఈ జారుడుబల్లను ఒకసారి చూడాలి.

అయితే జారుడుబల్లకు చోటు కావాలి, డబ్బు కావాలి. నిండు ప్లైవుడ్ షీటు ఎనిమిదడుగుల పొడుగు. బల్ల అంత దూరమూ ముందుకు జారాలి, వెనక్కు రావాలి. ఒక గది అంతా దానికే పోతుంది. దీనికి సరిగా ఎదురైనది 1920ల్లో అమెరికాలో పుట్టింది. ఎడ్మండ్ మిషెల్ అనే అతను చెరకు నరికే కత్తికి మోటారు తగిలించే ప్రయత్నంలోంచి, చేత్తో పట్టుకుపోయే చక్రరంపాన్ని తయారు చేశాడు. 1924లో అది అమ్మకానికి కంపెనీ యేర్పడింది. పలక రంపం దగ్గరికి పోవడానికి బదులు రంపమే పలక దగ్గరికి వచ్చింది. మూటలో పెట్టుకుని ఏ ఊరయినా పోవచ్చు. వడ్రంగి ఇక దుకాణం మనిషి కాడు, కాంట్రాక్టరు పిలిచిన చోటికల్లా మిషను భుజాన వేసుకుపోయే దినకూలీ. సెట్ వడ్రంగి చేతిలోని మిషను ఈ రెండో వంశానిది.

పళ్ళ మాట కూడా చెప్పాలి. ఉక్కుపళ్ళకు వడ్రంగి ఆకురాయితో పదును పెట్టుకునేవాడు. ఒక పన్ను కుడికీ ఒక పన్ను ఎడమకూ వంచి దారి వెడల్పు చేసుకునేవాడు. ఆ విద్య తండ్రి నుంచి కొడుక్కు వచ్చేది. 1920ల్లో జర్మనీలో టంగ్‌స్టన్ కార్బైడు తయారయింది. క్రుప్ కంపెనీ దాన్ని వజ్రంలాంటిదన్న అర్థం వచ్చే 'విదియా' పేరుతో అమ్మింది. దాని ముక్కలను పళ్ళ కొసల మీద అతికితే నెలలతరబడి మొద్దుబారవు. ప్లైవుడ్డులోని జిగురు ఉక్కుపళ్ళను ఇట్టే అరగదీస్తుంది గనుక, కార్బైడు పన్ను లేకుండా ప్లైవుడ్ యుగం సాగేది కాదు. ఆకురాయి మాత్రం పెట్టె అడుగున పడిపోయింది. నునుపు పొర అతికిన పలకలు వచ్చాక, కోసినచోట అంచు పెచ్చులు లేస్తున్నదని పానెల్ సా పెద్దచక్రానికి ముందు ఒక చిట్టిచక్రాన్ని పెట్టారు. అది ఎదురుదిక్కున తిరిగి, అడుగు పొరమీద సన్నని గాడి గీస్తుంది. తరువాత పెద్దచక్రం శుభ్రంగా కోస్తుంది. పెచ్చు లేవకుండా పలకకు ఇంత జాగ్రత్త చేశారు.

మరి వేలు తెగకుండా? అమెరికాలో భౌతికశాస్త్రం చదివి పేటెంటు లాయరైన స్టీఫెన్ గాస్ 1999లో దానికి ఒక మార్గం కనిపెట్టాడు. చక్రంలో చిన్న విద్యుత్ సంకేతం నడుస్తూ వుంటుంది. పొడి కొయ్యకు అది మారదు. చర్మం తగిలితే మారుతుంది. మారిన క్షణంలో అల్యూమినియం దిమ్మ ఒకటి ఎగిరి పళ్ళలో దిగబడుతుంది. సెకనులో సుమారు రెండువందలో వంతు కాలంలో చక్రం ఆగిపోతుంది. వేలికి చిన్న గాటు తప్ప మరేమీ కాదు. 2000 తరువాత ఆయన పెద్ద కంపెనీలకు దీన్ని ఇవ్వజూపితే, రాయల్టీ చెల్లించి తీసుకోవడానికి అవి సమ్మతించలేదు. తానే కంపెనీ పెట్టుకుని 2004లో అమ్మకం మొదలుపెట్టాడు. అదే దేశంలో బల్లరంపాలవల్ల యేటా ముప్పైవేలకు పైగా గాయాలు, నాలుగువేల దాకా అంగచ్ఛేదాలు జరుగుతున్నాయని అక్కడి ప్రభుత్వ భద్రతాసంఘం అంచనా. చేతికి తీవ్రగాయమైన ఒక కార్మికుడు, ఈ సాధనం అందుబాటులో వుండీ ఎందుకు పెట్టలేదని తయారీదారు మీద దావా వేస్తే, 2010లో బోస్టన్ జ్యూరీ 15 లక్షల డాలర్లు ఇప్పించింది. గాస్‌ను మహాత్ముణ్ణి చేయనవసరం లేదు. వేలిని కాపాడే తెలివికి కూడా పేటెంట్ల కంచె కట్టి గేటు దగ్గర రుసుము వసూలు చేయబూనినవాడే ఆయన. అయినా లెక్క చూడండి: కోతలో వృథా తగ్గించడానికి ముందుకొచ్చినవారు 1777 నుంచీ వున్నారు; పెచ్చుకు ప్రత్యేకంగా ఒక చక్రమే వచ్చింది; మాంసాన్నీ కొయ్యనూ వేరుగా గుర్తించే రంపానికి 1999 దాకా ఆగవలసి వచ్చింది.

ఇంత చదివి మళ్ళీ ఫిలింనగర్‌కు వెళ్ళాను. తెలుగు సినిమా మద్రాసు నుంచి ఇక్కడికి ఒక్కసారిగా రాలేదు. బంజారాహిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియో 1976లో మొదలయింది. ఆ పక్క కొండల మీద పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు వచ్చాయి. రాళ్ళగుట్టలుగా వున్న జూబిలీహిల్స్ సినిమావారి నివాసమయింది. నటులతోపాటు సెట్ వడ్రంగులూ కోడంబాకం నుంచి వచ్చారు. వారు కొండమీద కాక కృష్ణానగర్ సందుల్లో అద్దెకు దిగారు. వాహినీ ఫ్లోర్లలో 'మాయాబజార్' (1957) ద్వారకను గోఖలే, కళాధర్ గీస్తే, దాన్ని నిలబెట్టినవారు పేరులేని వడ్రంగులు, రంగులవాళ్ళు. మాధవపెద్ది గోఖలే మన అభ్యుదయ కథకుల్లో ఒకడు. ఆయన బొమ్మల మీద వ్యాసాలు వచ్చాయి, రావాలి కూడా. ఆ బొమ్మలను కొయ్యలోకి దించిన చేతుల మీద మన విమర్శకులు ఎవరైనా రాయగా నేను చదవలేదు. సినిమాలో రైతు ఎలా కనపడ్డాడు, జమీందారు ఎలా కనపడ్డాడు అని చర్చించే మనం, ఆ జమీందారు లోగిలి వెనక్కు ఎప్పుడూ వెళ్ళం.

ఆ రోజుల్లో సెట్లకు కర్ర ఎక్కువ, ప్లైవుడ్ తక్కువ అని పెద్దాయన చెప్పాడు. అడవుల్లో కేంద్రం అనుమతి లేని కోతమిల్లులు, ప్లైవుడ్ మిల్లులు ఆగిపోవాలని 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు ఆదేశించిన తరువాత, తోటల్లో పెంచిన పోప్లార్ వంటి మెత్తకర్రల ప్లైవుడ్డే మార్కెట్టును నింపింది. తేలిక సరుకు, తొందరగా తెగుతుంది, సెట్టుకు సరిగ్గా సరిపోతుంది. దాని పొట్టు కూడా తేలిక; సాయంత్రం వరకు ఫ్లోరు గాలిలోనే తేలుతుంది. కొయ్యపొట్టు కాన్సరు కారకమని 1995లో, ప్లైవుడ్ జిగురులోని ఫార్మాల్డిహైడు కూడా అంతేనని 2004లో ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన కాన్సరు పరిశోధన సంస్థ తేల్చింది. ఫ్లోరులో ముక్కుకు తువ్వాలు కట్టుకున్నవారు ఇద్దరు కనిపించారు. పొట్టు పీల్చే గొట్టం కనపడలేదు.

"పానెల్ సా మీద కోసి తెచ్చుకోవచ్చు గదా బాబాయ్" అన్నాను.

"తెచ్చుకుంటాం, పెద్ద ముక్కలు. డైరెక్టరుగారు వచ్చి గుమ్మం అడుగున్నర జరపమంటారు. అప్పుడు దుకాణానికి పోయొచ్చే టైముంటదా? ఇక్కడే కొయ్యాలి. డిప్ప కట్టెయ్యకపోతే సన్న రీపరు రాదు."

అంటే డిప్పను కట్టేసింది ఆయన చేతులే. ఆ సంగతి నేను దాచను. కాంట్రాక్టు మొత్తానికి మాట్లాడుకున్న మేస్త్రీ, మేస్త్రీకి గడువు పెట్టిన నిర్మాత, నటుడి కాల్షీటుకు కట్టుబడ్డ నిర్మాత గడువు; ఈ వరుస చివర తీగ ముడి వుంది. 2025 ఆగస్టులో సినీకార్మికులు వేతనాలు 30 శాతం పెంచాలని పద్దెనిమిది రోజులు పని ఆపారు. రోజుకు 2,000 రూపాయల లోపు వచ్చేవారికి మూడేళ్ళలో మొత్తం 22.5 శాతం పెంపుతో రాజీ కుదిరింది. అది చిన్న విజయం కాదు. కాని ఆ రోజుల్లో నేను చదివిన వార్తల్లోగాని వ్యాఖ్యల్లోగాని రంపం డిప్ప ప్రస్తావన లేదు. బేరం రోజుకూలి మీద జరిగింది. రాత్రి మూడు గంటల మీద జరిగినట్టు లేదు.

ఇక చట్టం. 1948 ఫాక్టరీల చట్టం ప్రమాదకరమైన యంత్రభాగాలకు కంచె వుండాలన్నది. చక్రరంపం వెనుక, కోత బిగుసుకోకుండా చీలికలో నిలబడే ఉక్కురేకు వుండాలన్నది కొయ్యపని యంత్రాలకు ఎంతోకాలంగా వున్న నియమం. ఆ రేకు వుంటే మిషను తన్నడం చాలామటుకు తప్పుతుంది. 1981లో సినీకార్మికులకు వేరే చట్టం వచ్చింది. ఈ రెండు చట్టాల స్థానంలో 2020 నాటి వృత్తిభద్రతా కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. కరెంటుతో నడిచే చోట ఫాక్టరీ అనిపించుకోవడానికి పాత చట్టంలో పదిమంది పనివాళ్ళు చాలు. కొత్త కోడ్‌లో ఇరవైమంది కావాలి. పదిమంది వున్న ఏ సంస్థకైనా కోడ్ మొత్తంగా వర్తిస్తుందని సమర్థకులు అంటారు. ఆ మాటా నిజమే. సినీ కార్మికులను కూడా అందులో కలిపారు. ఫాక్టరీకి వుండే ప్రత్యేక నిబంధనలు మాత్రం ఇరవై దగ్గర మొదలవుతాయి.

రెండోసారి వెళ్ళినరోజు ఫ్లోరులో వడ్రంగులను లెక్కపెట్టాను. పెద్దాయనతో కలిపి పద్నాలుగు మంది. లోగిలి అప్పటికి లేదు; దాని ప్లైవుడ్ పలకలు గోడకు ఆనించి వున్నాయి, మేకులు పీకుతున్నారు. కొత్తది ఆస్పత్రి సెట్టట. బల్ల పాత మూలలోనే వుంది. డిప్పకు కట్టిన తీగ మాత్రం కొత్తది.